డబ్బా మీద 755, క్రోనోగ్రాఫ్‌లో ఎంత?

రివాల్వర్ తూటా వేగాన్ని క్రోనోగ్రాఫ్‌తో, అంటే బుల్లెట్ వేగం కొలిచే పరికరంతో, చూసుకోవడం గురించి ఇది. ఈ విడతలో తీసుకున్నది .38 స్పెషల్ రకం తూటా, 158 గ్రెయిన్ల (సుమారు 10 గ్రాముల) సీసపు బుల్లెట్. కంపెనీ చెప్పే వేగం సెకనుకు 755 అడుగులు. రెండంగుళాల బ్యారెల్‌తో కాలిస్తే 700 దాటకపోవడం మామూలే. తూటాలో లోపముందని తేల్చేముందు ఆ 755 ఏ బ్యారెల్‌లో వచ్చిందో చూడాలి.

కేటలాగులో బ్యారెల్ పొడవు పక్కన ‘వి’ అక్షరం కనబడితే అది వెంటెడ్ బ్యారెల్. రివాల్వర్‌లో సిలిండర్‌కీ (తూటాలు పెట్టే, తిరిగే భాగం) బ్యారెల్‌కీ మధ్య ఉండే సందును అనుకరిస్తూ పరీక్ష బ్యారెల్‌లో కూడా 0.008 అంగుళం సందు వదులుతారు. .38 స్పెషల్‌కి, దానికంటే బలమైన .357 మాగ్నమ్ తూటాకి ఈ పరీక్ష బ్యారెల్ 4 అంగుళాలది. పాత అంకెలతో పోల్చేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. 1935లో .357 మాగ్నమ్ వచ్చినప్పుడు చెప్పిన 1,500 పైచిలుకు వేగం 8¾ అంగుళాల బ్యారెల్‌ది. ఇప్పటి 158 గ్రెయిన్ల తూటాకి 4 అంగుళాల వెంటెడ్ బ్యారెల్‌లో ఇచ్చే అంకె సుమారు 1,235. రెండూ నిజమే, బ్యారెళ్ళే వేరు.

సందు ఎక్కువైతే గ్యాసు బయటికి పోయి వేగం తగ్గుతుంది కాబట్టి ముందు మన రివాల్వర్‌లో సందు కొలవాలి. సిలిండర్ ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, దాని ముందు ముఖం మీది మసి, సీసం తుడిచేయాలి. తుడవకపోతే సందు ఉన్నదానికంటే తక్కువగా కనబడుతుంది. సిలిండర్‌ని వెనక్కి నొక్కి పట్టి, ఫీలర్ గేజ్‌లో (వేర్వేరు మందాల సన్నని రేకుల కట్ట) ఆ సందులో దూరగలిగిన అత్యంత మందమైన రేకు ఏదో రాసుకోవాలి. ఆరు ఛాంబర్ల (సిలిండర్‌లో తూటా పట్టే గదులు) దగ్గరా ఇలాగే చూడాలి. 0.004 నుంచి 0.008 అంగుళం వరకు సాధారణం.

క్రోనోగ్రాఫ్ స్క్రీన్ల రకమైతే (బుల్లెట్ రెండు సెన్సర్ల మీదుగా పోయేది) బ్యారెల్ మూతికి 10–15 అడుగుల దూరంలో పెట్టాలి. దగ్గరైతే మూతి నుంచి వచ్చే గాలి, కాలని తుపాకిమందు రవ్వలు బుల్లెట్ కంటే ముందే సెన్సర్‌ని తాకి పిచ్చి అంకెలు వస్తాయి. 12 అడుగుల దగ్గర తగ్గే వేగం సెకనుకు రెండు మూడు అడుగులే, దాన్ని వదిలేయొచ్చు. స్క్రీన్ల మధ్య 24 అంగుళాలు ఉండాల్సిన చోట ⅛ అంగుళం తేడా వస్తే 755 దగ్గర 4 అడుగుల తప్పు. ట్యూబ్‌లైట్ల కింద మినుకు వల్ల రీడింగ్ తప్పుతుంది. రాడార్ రకాన్ని మూతి పక్కనే పెట్టుకోవచ్చు గానీ, సిలిండర్ సందుకి సరిగ్గా పక్కన మాత్రం వద్దు. అక్కడి నుంచి వేడి గ్యాసు, సీసపు తునకలు పక్కకి చిమ్ముతాయి. చేతులూ, పక్కన నిలబడే మనిషీ కూడా ఆ గీతలో ఉండకూడదు.

ఎక్కువమంది పట్టించుకోనిది తూటాలో మందు ఎటు చేరిందన్నది. .38 స్పెషల్ 1898 నాటిది, నల్లమందుకి సరిపడా పెద్ద కేసు (తూటా గొట్టం). ఇప్పటి మందు అడుగున కాస్తే ఉంటుంది, మిగతాదంతా ఖాళీ. మూతి పైకెత్తి మెల్లగా దించితే మందు ప్రైమర్ (అడుగున ఉండి మందుని అంటించే భాగం) దగ్గర చేరి వేగం పెరుగుతుంది. కిందికి వంచి లేపితే మందు బుల్లెట్ వైపు జారి వేగం తగ్గుతుంది. ఒకే డబ్బాలో ఈ తేడా 50 అడుగులు దాటొచ్చు. అందుకే రెండు పద్ధతుల్లో పదేసి తూటాలు వేరువేరుగా రాసుకోవాలి. ప్రతి తూటాకీ ముందు మళ్ళీ వంచాల్సిందే, ఎందుకంటే వెనకటి దెబ్బకి మిగతా తూటాల్లో మందు కదిలిపోతుంది. బుల్లెట్లని ఆపే మట్టికట్ట కంటే పైకి మూతి ఎత్తనివ్వని రేంజ్‌లో కిందికి వంచే పద్ధతి ఒక్కటే చేయాలి. ఏ పద్ధతి అన్నది అంకె పక్కనే రాయకపోతే ఆ అంకెకి విలువ లేదు.

ఛాంబర్లకి మార్కర్‌తో 1 నుంచి 6 వరకు గుర్తు వేసి, వేగం పక్కన ఛాంబర్ నంబరు రాయాలి. లెక్క కోసం ఒక చుట్టు అనుకుందాం: 684, 702, 691, 655, 698, 690. సగటు 687, ఎక్కువ తక్కువల మధ్య తేడా 47. ఆ 655 తీసేస్తే తేడా 18కి పడిపోతుంది. అలాగని కొట్టేయకూడదు. తర్వాతి చుట్లలోనూ నాలుగో ఛాంబరే వెనకబడితే దాని గొంతు (బుల్లెట్ బయటికొచ్చే ముందు భాగం) వ్యాసం కొలవాలి. ఒక్కో చుట్టులో ఒక్కో ఛాంబర్ వెనకబడితే తూటానో, మందు స్థానమో చూడాలి.

సగటు 687 అంటే 755 కంటే 9 శాతం తక్కువ. శక్తి మాత్రం 200 అడుగు-పౌండ్ల నుంచి 166కి, అంటే 17 శాతం పడిపోతుంది.

వచ్చే విడతలో ఇదే డబ్బాని 4 అంగుళాల బ్యారెల్‌లో, అదే మందు స్థానంతో కాల్చాలి. ఆ రోజు ఉష్ణోగ్రత కూడా రాయాలి, చలిలో వేగం తగ్గుతుంది.