పెట్టె ఒకటే, దాని కోసం కొట్టుకునేవాళ్లు పదిమంది

1970లలో హాంకాంగ్, తైవాన్ చిన్న కుంగ్‌ఫూ సినిమా నిర్మాతలు దొంగిలించిన నిధి కథల్ని ఎందుకంతగా పట్టుకున్నారో ఖర్చు చూస్తే అర్థమవుతుంది. ఒక చెక్కపెట్టె, చింపిన పటం, ఒక సత్రం, బయట కొండదారి ఉంటే చాలు. బంగారం అందరికీ కావాలి కాబట్టి ఎవరు ఎవరితో తలపడినా కారణం సిద్ధంగా ఉంటుంది.

ఇలాంటి సినిమాలో పోరాటాలు పరుగెత్తి, మధ్యలో కథ చతికిలపడితే ఆశ్చర్యం లేదు. హాంకాంగ్ పద్ధతిలో ఫైట్ సీన్ వచ్చేసరికి కెమెరా ఎక్కడ పెట్టాలో కూడా చాలావరకు ఫైట్ డైరెక్టరే చెబుతాడు. లౌ కార్ లియంగ్, సమ్మో హంగ్, యుయెన్ వూ పింగ్ అలా పనిచేసే దర్శకులయ్యారు. అంటే ఒకే సినిమాలో దర్శకుడిదీ, ఫైట్ డైరెక్టర్‌దీ ఇద్దరి చేతులు పడతాయి. సత్రంలో పటం గురించి మాట్లాడుకునే సీన్లను మాత్రం ఒకే కోణంలో చుట్టేస్తారు.

ఫైటు నాణ్యత తేల్చాలంటే కట్‌కీ కట్‌కీ మధ్య దెబ్బలు లెక్కపెట్టండి. తల నుంచి పాదం దాకా కనిపించే ఫ్రేములో ఎనిమిది, పది కదలికలు తెగకుండా సాగితే ఆ నటులకు విద్య వచ్చినట్టే. రెండు దెబ్బలకో కట్ పడి, మనిషి వీపే కనిపిస్తుంటే డూప్ ఉన్నాడేమోనని అనుమానించాలి. నా చూపు ముందు పాదాల మీదికే పోతుంది. చేతులెంత ఆడినా అడుగు కుదురుగా పడకపోతే దెబ్బలో బరువుండదు.

వేగం సంగతి. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి. కెమెరాలో సెకనుకు 22 ఫ్రేములే తీసి ఆ 24లో ఆడిస్తే కదలిక 9 శాతం వేగంగా కనిపిస్తుంది, కన్ను పట్టుకోలేదు. 20కి దిగితే 20 శాతం. 18లో మూడో వంతు పెరుగుతుంది, అక్కడే బండారం బయటపడుతుంది: ఎగిరిన దుమ్ము గబుక్కున దిగిపోతుంది, అంగీ అంచులు వణుకుతాయి, పడేవాడు మరీ తొందరగా నేలను తాకుతాడు.

మాటలు, దెబ్బల చప్పుళ్లు అన్నీ తర్వాత స్టూడియోలో కలిపినవే. అందుకే పిడికిలి దెబ్బకీ చెంపదెబ్బకీ ఒకటే చప్పుడు వినిపిస్తుంది. బట్టల మీద పొడి చల్లి, తగిలిన చోట పొగలా లేపడం చవకైన ఉపాయమే అయినా దెబ్బ ఎక్కడ పడిందో కంటికి చూపిస్తుంది.

దర్శకుణ్ని తిట్టే ముందు ప్రింటు చూడండి. ఎత్తుకు 2.35 రెట్ల వెడల్పున (2.35:1) తీసినదాన్ని పాత 4:3 టీవీకి కత్తిరిస్తే బొమ్మలో దాదాపు 43 శాతం పోతుంది. తన్నేవాడు కనిపిస్తే తన్నులు తినేవాడు కనిపించడు. పూర్తి వెడల్పు ప్రింటు దొరికాకే ఆ ఫైటు మీద తీర్పు చెప్పాలి.