పెరట్లో పరిచే రాయి ఎన్ని నీళ్లు తాగుతుంది?

వెనక పెరట్లో నాలుగు కుర్చీలు వేసుకునేంత జాగా చదును చేసి ప్యాటియో వేయించాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నాం. మా ఆయనకి ఒక్కసారే కాంక్రీటు పోయించేసి చేతులు దులుపుకోవాలని. నాకేమో ఇసుకరాయి మీద మనసు. ఆ తేనె రంగు, నాలుగు చినుకులు పడగానే అది ముదురుగా మారడం చూస్తే ఇంకేదీ నచ్చదు. వానాకాలం పోగానే నేల ఎండిపోయే చోటైతే ఎవరి మాట నెగ్గినా ఫర్వాలేదు. మేముండే చోట చలికాలమంతా తడి ఆరదు. రాత్రి సున్నాకి కిందికి, మధ్యాహ్నం మూడు నాలుగు డిగ్రీల పైకి.

రాయికి ఇదే అసలు చిక్కు. చలి ఎంత గట్టిదైనా, గడ్డకట్టిన నీరు అలాగే ఉండిపోతే పలకకి కొత్త దెబ్బ తగలదు. కరిగి, ఇంకాస్త తడి లోపలికి ఇంకి, మళ్లీ గడ్డకట్టిన ప్రతిసారీ దెబ్బే. నీరు మంచుగా మారేటప్పుడు సుమారు 9 శాతం ఉబ్బుతుంది. రాతిలోని సన్నటి రంధ్రాల్లో కాస్త ఖాళీ ఉంటే ఆ ఉబ్బు అందులో సర్దుకుంటుంది. 91 శాతం దాకా నీటితో నిండిపోతే ఇక చోటుండదు, పైపొర పెచ్చులూడుతుంది. అందుకని షాపులో రంగులు చూపిస్తుంటే నేను అడగడం మొదలుపెట్టిన మొదటి ప్రశ్న, ఇది నీళ్లెంత పీలుస్తుందని. చాలాచోట్ల జవాబుగా ఇంకో రంగు చూపించారు.

జవాబు రాకపోతే ఇంట్లోనే తేల్చుకోవచ్చు. శాంపిల్ ముక్కని బాగా ఆరబెట్టి వంటింటి తక్కెడ మీద తూచి, ఒక రోజంతా బకెట్లో నానబెట్టి, పైతడి తుడిచి మళ్లీ తూచడమే. నా ముద్దుల ఇసుకరాయి 1,250 గ్రాములది 1,306 అయింది. అంటే దాదాపు నాలుగున్నర శాతం. గ్రానైట్ ముక్క 980 నుంచి 982కి మాత్రమే వెళ్లింది. ఈ ఒక్క అంకెతో తీర్పు చెప్పేయలేం, ఆ మాట నిజమే. పెద్ద పెద్ద రంధ్రాలున్న రాయి నీళ్లు ఎక్కువ పీల్చినా త్వరగా వదిలేస్తుంది, సన్న రంధ్రాలది పట్టుకుని కూర్చుంటుంది. ఇసుకరాళ్లలోనే తరాల పాటు నిలిచేవీ ఉన్నాయి, రెండు చలికాలాలకే పొరలు విడిచేవీ ఉన్నాయి. ఫలానా క్వారీ రాయి ఇలాంటి వాతావరణంలో ఏళ్ల తరబడి నిలిచిందని కళ్లతో చూసి ఉంటే కొనొచ్చు. అలాంటి ఆధారం నాకు దొరకలేదు. పలకరాయి కూడా అంతే. మంచిది చాలా మంచిది, నాసిరకం పుస్తకంలో పేజీల్లా విడిపోతుంది.

పోర్సలీన్ పలకలు, అంటే బాగా కాల్చిన గట్టి పింగాణీ టైల్స్, చూడటానికి నాకు నచ్చవు, రాయిలా నటిస్తాయి. కానీ నీటి లెక్కలో వాటిని కొట్టేది లేదు. ప్రమాణాల ప్రకారమే పీల్పు 0.5 శాతానికి మించకూడదు. బయట వేసేవి 20 మిల్లీమీటర్ల మందం ఉంటాయి. చిక్కు వేరే చోట ఉంది. పలక అడుగు కూడా నీళ్లు పీల్చదు కాబట్టి మామూలు సిమెంటు మాలు దానికి పట్టుకోదు. ముందు అడుగున ప్రైమర్ స్లర్రీ, అంటే పట్టు కోసం వేసే జిగురు పూత, పూసి, మాలు నిండుగా పరిచి కూర్చోబెట్టాలి. నాలుగు మూలలా, మధ్యలో ఒక ముద్ద పెట్టి అదిమేసే పనివాళ్లున్నారు. ఆ ముద్దల మధ్య ఖాళీలో నీరు చేరుతుంది, గడ్డకడుతుంది, పలక లేస్తుంది. పైన ఎంత గొప్ప సరుకు పెట్టినా ఫలితం ఒకటే.

ఇక జారుడు సంగతి. ఈ ప్రశ్న వేసింది మా అమ్మ. "అందంగానే ఉందమ్మా, పాకుడు పడితే నేనెలా నడవను?" అంది, ఫోన్లో ఫొటో చూసి. అప్పటిదాకా నేను పెచ్చుల గురించే ఆలోచిస్తున్నాను. నీడలో ఉండే తడి చోట ఏ రాయికైనా పాకుడు పడుతుంది, పాలిష్ రాయి అయితే తడిలో అద్దమే. కాబట్టి గ్రానైట్ అయితే మంటతో గరుకు చేసిన రకం, పోర్సలీన్ అయితే జారకుండా పట్టునిచ్చే గుణాన్ని కొలిచే రేటింగు కనీసం ఆర్11. చెక్క డెక్కు ఆలోచన కూడా ఈ పాకుడు దగ్గరే ఆగిపోయింది.

మా ఆయన కాంక్రీటు సంగతి చెప్పాలి కదా. చలి ప్రాంతాల్లో పోసే కాంక్రీటులో కావాలనే సన్నటి గాలి బుడగలు ఉండేలా మందు కలుపుతారు, గాలి మొత్తం మీద 5 నుంచి 8 శాతం దాకా. నీరు ఉబ్బినప్పుడు ఆ బుడగల్లోకి సర్దుకుంటుంది. అలా కలపని కాంక్రీటు జోలికి పోవద్దు. కలిపినా సరే, నేల ఒక మూల లేస్తే అంత పెద్ద పలక పగలక తప్పదు, పగిలాక అతుకు వేసినా కనిపిస్తూనే ఉంటుంది. ఈ మాటతో ఆయన మెత్తబడ్డారు.

నిజానికి పైన ఏం పరిచామన్న దానికంటే కింద ఏముందన్నదే ఎక్కువ తేలుస్తుంది. మా పెరట్లోది మెత్తటి ఒండ్రు మట్టి. చలి పైనుంచి దిగుతుంటే ఇలాంటి మట్టి కింది నీటిని పైకి లాక్కుంటుంది, అది పొరలు పొరలుగా మంచై నేలనే పైకెత్తుతుంది. ఇక్కడ లెక్క 9 శాతంతో ఆగదు, కింది నుంచి కొత్త నీరు వస్తూనే ఉంటుంది కనుక. మట్టి, నీరు, చలి మూడింట్లో ఒకదాన్ని తప్పిస్తే చాలు. చలిని మనం ఆపలేం. కాబట్టి మట్టి తవ్వి తీసేసి, నీళ్లు నిలవని కంకర నింపాలి. మేం 200 మిల్లీమీటర్లు నింపించాం, పొర పొరకీ దిమ్మిస యంత్రంతో కొట్టించి. దాని కింద మట్టి కంకరలోకి కలిసిపోకుండా జియోటెక్స్‌టైల్ గుడ్డ. పైన 25 మిల్లీమీటర్ల ఇసుక. వాటం ఇంటి గోడకి అవతలి వైపుకి, 60కి ఒకటి చొప్పున, అంటే 3 మీటర్లకి 50 మిల్లీమీటర్లు. పై మట్టం గోడలోని తేమ నిరోధక పొర కంటే 150 మిల్లీమీటర్లు కిందికే ఉండాలి, లేకపోతే పెరటి తడి ఇంట్లోకి వస్తుంది. పనివాళ్లతో గొడవ పడాల్సింది ఇక్కడే, రంగు దగ్గర కాదు.

చివరికి 60 మిల్లీమీటర్ల కాంక్రీటు పేవర్ బ్లాకులు వేయించాం, జాయింట్లలో సిమెంటు లేకుండా ఇసుకే నింపి. యంత్రంలో గట్టిగా అదిమి చేసినవి కావడంతో పీల్పు తక్కువ. చిన్న చిన్న ముక్కలు కాబట్టి నేల కాస్త కదిలినా దానితో పాటు అవీ కదులుతాయి, పగలవు. గుమ్మం దగ్గర మెట్టుకి మాత్రం గరుకు గ్రానైట్. ఇసుకరాయి ముచ్చట చూరు కింద తడవని చోట అరుగు పలకగా తీర్చుకున్నాను.

మంచు పడ్డ రోజున ఉప్పు చల్లం. ఉప్పు మంచుని కరిగిస్తుంది సరే, ఆ నీరు మళ్లీ గడ్డకట్టే దెబ్బల్ని పెంచుతుంది, కాంక్రీటు పైపొరని తినేస్తుంది. మైనస్ 9 కిందికి వెళ్తే అది పెద్దగా పనిచేయదు కూడా. ఉప్పుకి బదులు అమ్మోనియం సల్ఫేట్ లాంటి ఎరువు చల్లడం ఇంకా చెడ్డది. గరుకు ఇసుక చల్లితే కాలికి పట్టు దొరుకుతుంది. పైన మెరుపు పూత వేసే సీలర్ కూడా వద్దన్నాం, లోపలి తడిని బయటికి పోనివ్వదు.

మొన్న చలి తగ్గాక చూస్తే చూరు నీటి గొట్టం దిగే మూలలో కొన్ని బ్లాకులు వేలెడంత లేచాయి. నేనూ మా ఆయనా వాటిని పీకి, కింద సర్ది, ఇసుక పోసి, రబ్బరు సుత్తితో మళ్లీ కొట్టాం. ఒక పూట పని. ఆ గొట్టం నీటిని పెరటి చివరికి మళ్లించడం ఇంకా మిగిలే ఉంది, వచ్చే చలికాలం లోపు చేయకపోతే మళ్లీ అదే మూల లేస్తుంది.