పింఛను పోద్దేమోనన్న భయం: ఒక అక్కను ఉద్యోగంలో చేర్చిన నా అనుభవం

గుంటూరులో ఒక వార్డుకు నేను మెప్మా ఆర్పీని, అంటే పట్టణ పేద మహిళల పొదుపు సంఘాలను చూసే ప్రభుత్వ సంస్థ తరఫున పనిచేసే రిసోర్స్ పర్సన్‌ని. పొదుపు సంఘాల మీటింగులు, బ్యాంకు లింకేజీ లోన్లు, కంతులు సరిగ్గా కట్టించడం నా రోజువారీ పని. వీటితో పాటు పింఛను మీదే ఆధారపడ్డ ఆడవాళ్లకు ఏదైనా స్థిరమైన పని చూపించాలని ఎప్పటి నుంచో ప్రయత్నిస్తున్నాను. పని ఉందని చెప్పగానే ఎవరైనా ముందు జీతం ఎంతని అడుగుతారు కదా. మా వార్డులో అలా కాదు. "పింఛను పోద్దా?" అనేదే మొదటి ప్రశ్న. దీనికి కాయితం చూపించి జవాబు చెప్తే తప్ప మిగతా ఏ పనీ ముందుకు కదలదు.

నేను చెప్పబోయే అక్క మా సంఘంలోనే ఉంది. భర్త చనిపోయాడు. కూతురు ఇంటర్, కొడుకు తొమ్మిదో తరగతి. మిర్చి సీజన్‌లో కోల్డ్ స్టోరేజీల దగ్గర కాయల తొడిమలు తీసే పనికి వెళ్లేది. కిలోల లెక్కన కూలి. ఆ ఘాటుకు దగ్గు, తుమ్ములు, కళ్లమంట. చేతులు మండుతుంటే రాత్రిళ్లు కొబ్బరినూనె రాసుకుని పడుకునేది. మిర్చి యార్డుకు వేసవి సెలవులు ఇచ్చారంటే పని పలచబడుతుంది. వానాకాలంలో ఎప్పుడు పిలుస్తారో, ఎప్పుడు పిలవరో తెలియదు. అలాంటి ఇంట్లో ఒకటో తారీఖున వార్డు సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి ఇచ్చే వితంతు పింఛను 4,000 ఒక్కటే నమ్మకమైన డబ్బు. 2024 జులై 1న, పెంచిన పింఛనుకు ఏప్రిల్ నుంచి రావాల్సిన బకాయి కూడా కలిపి 7,000 ఇచ్చినప్పుడు ఆ ఇంట్లో అద్దె బాకీ తీరింది. ఆ పింఛను పోతుందంటే భయపడటంలో తప్పేముంది? "పని చేయటం ఇష్టంలేక సాకులు చెప్తారు" అనేవాళ్ల మాట వింటే నాకు చాలా బాధేస్తుంది. పదేళ్లు మిరప ఘాటులో కూర్చున్న మనిషికి పనంటే భయమా?

కొత్తపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయా పని ఖాళీ ఉందని తెలిసింది. జీతం 11,000. పీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) ఉంటాయి. అక్కకు చెప్తే ముందు మొహం వెలిగింది, పీఎఫ్ అనగానే వెనక్కి తగ్గింది.

"వద్దులే అమ్మాయ్. పీఎఫ్ కట్ అయితే రేషన్ కార్డు పోద్దంట. కార్డు పోతే పింఛనూ పోద్ది, పిల్లల డబ్బులూ పోతాయి. మూడు నెలలకి వాళ్లు పనిలోంచి తీసేస్తే నేనేం జేసేది?"

ఆమె అడిగిన ప్రశ్న సరైనదే. పింఛను ఒకసారి ఆగితే మళ్లీ రావడానికి ఎంత తిరగాలో మాకందరికీ తెలుసు. అందుకే అక్కను వెంటబెట్టుకుని సచివాలయానికి వెళ్లాను. వెల్ఫేర్ సెక్రటరీని "మాటల్లో కాదు సార్, రూల్ చూపించండి" అని అడిగాను. ఆయన ఓపిగ్గా చూపించారు. పథకాలకు అర్హత తేల్చే ఆరు అంచెల పరిశీలన అంటారే, అందులో పీఎఫ్ అనే మాటే లేదు. ఉన్నది కుటుంబ ఆదాయం. పట్టణాల్లో నెలకు 12,000, గ్రామాల్లో 10,000 దాటకూడదు. ఇంకా ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉండకూడదు, ఆదాయపు పన్ను కట్టేవాళ్లు ఉండకూడదు, ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు మినహా నాలుగు చక్రాల బండి ఉండకూడదు, కరెంటు వాడకం సగటున నెలకు 300 యూనిట్లు మించకూడదు. భూమికీ, ఇంటి స్థలానికీ పరిమితులున్నాయి. జీతం 11,000 కాబట్టి అక్క పరిమితి లోపలే ఉంటుంది.

ఆ రోజు చూసింది మంచిదైంది. అక్క ఆధార్‌కు ఇంటి ఓనరు మీటరు లింకై ఉంది. ఓనరు వాళ్లు పైన ఏసీ వేసుకుంటారు, అక్క కింద రేకుల గదిలో అద్దెకుంటుంది, మీటరు మాత్రం ఒకటే. ఎండాకాలం యూనిట్లు 300కి దగ్గరగా వెళ్తున్నాయి. జీతం వల్ల కాకుండా పక్కవాళ్ల ఏసీ వల్ల పింఛను పోయే పరిస్థితి. దాన్ని మార్పించడానికి అర్జీ పెట్టి, కరెంటాఫీసు నుంచి కాయితం తెచ్చి, ఆన్‌లైన్‌లో మారేదాకా వెంటపడ్డాం. అద్దె ఇళ్లలో ఉండేవాళ్లు తమ ఆధార్‌కు ఏ మీటరు లింకైందో ఒకసారి తప్పకుండా చూసుకోండి.

తర్వాత అక్క ఇంట్లో చాప మీద కూర్చుని నోటు పుస్తకంలో లెక్క వేశాం. 11,000లో పీఎఫ్ 12 శాతం అంటే 1,320, ఈఎస్ఐ 0.75 శాతం అంటే 83 పోతే చేతికి 9,597. పింఛను కలిపితే 13,597. పీఎఫ్ అంటే జీతంలో కోత అనే అక్క అనుకుంటోంది. "యజమాని కూడా అంతే వేస్తాడు అక్కా. అందులో ఎక్కువ భాగం పెన్షన్ ఫండుకి పోద్ది, పదేళ్ల సర్వీసుంటే 58 ఏళ్లకి నీకు నెలనెలా వస్తది" అని చెప్తే అప్పుడు కాస్త మెత్తబడింది. ఈఎస్ఐ సంగతి చెప్పాక పూర్తిగా ఒప్పుకుంది. తనకూ పిల్లలకూ వైద్యం, పెద్ద జబ్బయితే విజయవాడ గుణదల ఈఎస్ఐ ఆసుపత్రి, జబ్బుచేసి సెలవు పెడితే రూల్ ప్రకారం 70 శాతం జీతం. ఆ దగ్గుతో ఆమె ఆర్ఎంపీ దగ్గర ఎంత పోసిందో నాకు తెలుసు.

ఉద్యోగం ఒప్పుకున్నాక కాయితాల పని మొదలైంది. ఆధార్‌కు ఉన్న ఫోన్ నంబరు చనిపోయిన భర్తది, ఆ సిమ్ ఎప్పుడో పోయింది. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, బ్యాంకు పుస్తకంలో అత్తింటి ఇంటిపేరు. ఈ రెండూ సరిచేయకుండా పీఎఫ్ నంబరు తీసుకుంటే రేపు ఆ డబ్బు తీసుకునేటప్పుడు ఆగిపోతుంది. 2025 ఆగస్టు నుంచి కొత్త యూఏఎన్‌ను (అదే పీఎఫ్ నంబరును) ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో మొహం చూపించే తీసుకోవాలి. అక్కది బటన్ ఫోను. కూతురి ఫోన్‌లో చేయించాం. ఈ మధ్యలో ఒకాయన ఫోన్ చేసి, తన ద్వారా వెళ్తే వెంటనే చేర్చుకుంటారని, ఒక నెల జీతం ముందు ఇవ్వాలని అడిగాడు. అక్క చెవి పోగులు తాకట్టు పెట్టడానికి కూడా సిద్ధపడింది. నేను ససేమిరా అన్నాను. నేరుగా ఆసుపత్రి ఆఫీసుకు వెళ్లి మాట్లాడాం. పైసా ఇవ్వకుండానే చేర్చుకున్నారు.

అందరికీ ఉద్యోగమే కుదరదు. మా సంఘంలోనే ఇంకో ఆవిడ యాభై దాటింది, మోకాళ్ల నొప్పులు. ఎనిమిది గంటలు నిలబడలేదు. సాయంత్రం బజ్జీల బండి పెడుతోంది. ఆమెకు స్వనిధి లోను పెట్టించాం. వీధి వ్యాపారుల కోసం 2020లో వచ్చిన పథకం అది. ఇప్పుడు మొదటి విడత 15,000, సరిగ్గా కడితే 25,000, ఆ తర్వాత 50,000. గడువుకు కట్టినవాళ్లకు 7 శాతం వడ్డీ రాయితీ వస్తుంది. రోజువారీ వడ్డీకి తెచ్చి సాయంత్రానికి కట్టే బాధ ఆమెకు తప్పింది.

అక్క విషయంలో నన్ను ఇప్పటికీ తొలిచేది ఒకటుంది. వచ్చే ఏడాది జీతం 1,500 పెంచారనుకుందాం, 12,500 అవుతుంది. పెరిగేది 1,500, పోయేది 4,000 పింఛను. చదువుకునే పిల్లల తల్లులకిచ్చే తల్లికి వందనం కింద ఒక్కో బిడ్డకు పడే 13,000కూ అదే ఆదాయ పరిమితి. 2019లో 2,250 ఉన్న పింఛను ఇవాళ 4,000 అయింది. ఆదాయ పరిమితిని మాత్రం పట్టణంలో 12,000 దగ్గరే ఉంచారు. కష్టపడి ఒక మెట్టెక్కిన మనిషి చేతిలోంచి అన్నీ ఒకేసారి లాగేసుకోవడం న్యాయం కాదు. పరిమితి దాటాక కనీసం ఒక ఏడాది పింఛను ఉంచి, తర్వాత కొద్దికొద్దిగా తగ్గిస్తే పీఎఫ్ ఉన్న ఉద్యోగాలకు మా వార్డు ఆడవాళ్లే ముందు వరసలో ఉంటారు. మీటింగు జరిగిన ప్రతిసారీ ఈ మాట చెప్తున్నాను, చెప్తూనే ఉంటాను.

అక్క మాత్రం తన లెక్క తాను వేసుకుంది. "దాటితే కొంచెం కాదమ్మాయ్, ఒకేసారి బాగా దాటాలి" అంది. పదో తరగతి పాసైంది, రోగులను చూసుకునే జనరల్ డ్యూటీ అసిస్టెంట్ ట్రైనింగ్ చేయాలనుకుంటోంది. ఆ సర్టిఫికెట్ ఉంటే ఆయా జీతం కన్నా ఎక్కువ అడగొచ్చు. తర్వాతి బ్యాచ్ ఎప్పుడో కనుక్కోమని నాకు చెప్పి, మొదలైతే నైట్ డ్యూటీకి మార్చమని సూపర్‌వైజరును ఇప్పుడే అడిగిపెట్టుకుంది.