గడిచిన వారం ఎలా ఉంది?

పెద్దపేగు చివర ఉండే పురీషనాళంలో క్యాన్సర్ అని తేలి ఆపరేషన్‌కు తేదీ ఇచ్చాక, రీసెర్చ్ నర్సు ఒక ఫారం తెచ్చి చేతిలో పెట్టారు. చికిత్సకు ముందు, తర్వాత నా జీవితం ఎలా మారుతోందో ఏడాది పాటు కొలుస్తారట. సంతకమైతే పెట్టాను కానీ, ప్రాణం దక్కితే చాలనుకుంటున్న ఆ రోజు జీవన నాణ్యత సంగతి నాకు పట్టలేదు.

ఆ ఫారం పేరు క్యూఎల్‌క్యూ-సీ30. యూరప్‌లోని ఈఓఆర్‌టీసీ అనే క్యాన్సర్ పరిశోధన సంస్థది. 1993లో ప్రచురించారు. అందులో 30 ప్రశ్నలు. పేగు క్యాన్సర్ వాళ్ల కోసమే ఉన్న సీఆర్29 అనే ఫారంలో మరో 29. బరువైన సంచీ మోయడం కష్టంగా ఉందా, పేపరు చదువుతుంటే మనసు నిలవడం లేదా అని అడుగుతారు. చాలావరకు గడిచిన వారం గురించే. ‘అసలు లేదు’ అయితే 1, ‘చాలా ఎక్కువ’ అయితే 4.

నేను వరసగా 1 టిక్ చేసుకుంటూ పోయాను. బాధలు ఎక్కువ రాస్తే ఆపరేషన్ వాయిదా వేస్తారేమోనని భయం. నర్సు చూసి, కొత్త ఫారం ఇచ్చారు. “మీరు ధైర్యంగా ఉన్నారా అని అడగడం లేదండీ, ఎలా ఉన్నారని అడుగుతున్నాం” అన్నారు. ఈసారి నిజం రాశాను. ఆరోగ్యం, జీవితం మొత్తం మీద ఎలా ఉన్నాయని అడిగే చివరి రెండు ప్రశ్నలకు 1 (చాలా అధ్వానం) నుంచి 7 (చాలా బాగుంది) దాకా అంకెలుంటాయి. రెండింటికీ 5 వేశాను.

ఆపరేషన్ అయ్యాక రెండోసారి ఫారం నింపే నాటికి పొట్ట మీద తాత్కాలిక స్టోమా, అంటే మలం బయటికి రావడానికి చేసిన రంధ్రం, దానికి బ్యాగ్. ‘మీ పరిస్థితి కుటుంబ జీవితానికి అడ్డువచ్చిందా’ అన్న చోట మళ్లీ 1 వేశాను. పక్కనే ఉన్న నా భార్య అప్పుడేమీ అనలేదు. రాత్రి దుప్పటి తీసుకుని హాల్లోకి వెళ్తుంటే అడిగింది: “బ్యాగ్ లీకవుతుందని మూడు వారాలుగా మీరు అక్కడే పడుకుంటున్నారు. అది అడ్డు కాదా అండీ?” నాకు మాట రాలేదు. మర్నాడు నర్సుకు ఫోన్ చేసి చెప్పాను. ఇంట్లోవాళ్లు మీ తరఫున జవాబివ్వకూడదు, మీకే అలా అనిపిస్తే మార్చుకోవచ్చు అన్నారు. 3 వేయించాను. ఆ రాత్రి నుంచి మంచం మీదే పడుకున్నాను, కింద ఒక ప్లాస్టిక్ షీటు వేసుకుని.

తర్వాత కీమో. ఆక్సాలిప్లాటిన్ అనే మందు ఎక్కించాక చల్లటి గ్లాసు పట్టుకుంటే చాలు, వేళ్లలో సూదులు గుచ్చినట్టుండేది. పోనుపోను తిమ్మిరి దిగకుండా ఉండిపోయింది. చొక్కా గుండీ వేళ్ల మధ్య ఉందో జారిపోయిందో కళ్లతో చూస్తేగాని తెలిసేది కాదు. ఆ రెండు ఫారాల్లోనూ దీని గురించి ప్రశ్నే లేదు! అంచున రాసిచ్చాను. అది చదివి సీఐపీఎన్20 అనే 20 ప్రశ్నల ఫారం ఇచ్చారు. అందులో చిన్న గుండీలు పెట్టుకోవడం కష్టమవుతోందా అని అచ్చంగా నా బాధే ఉంది. చూసి కళ్లు చెమర్చాయి. డాక్టర్ గారు మందు మోతాదు తగ్గించారు. ఈ తిమ్మిరి మందు ఆపాక కూడా కొన్నాళ్లు పెరగొచ్చని ముందే చెప్పడం మంచిదైంది, నాకు అలాగే జరిగింది.

జవాబులను 0 నుంచి 100 స్కోరుగా మారుస్తారు. పనులు చేసుకునే శక్తికి ఎక్కువ స్కోరు మంచిది, బాధలకు తక్కువ స్కోరు మంచిది. అలసట మీద మూడు ప్రశ్నలుంటాయి. మొదట్లో మూడింటికీ 2 వేశాను, అంటే 33. కీమోలో మూడింటికీ 3 వేశాను, అది 67 అయింది. 20 పాయింట్లు దాటితే పెద్ద మార్పు కింద లెక్క. నోటితో నేను ‘కొంచెం నీరసం’ అన్నానంతే. ఆ కాగితం చూశాకే డాక్టర్ గారు కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చున్నారు.

స్టోమా మూసేశాక అందరూ ‘ఇక గండం గట్టెక్కింది’ అన్నారు. నేనేమో బాత్రూమ్ ఎక్కడుందో చూసుకోకుండా గడప దాటలేకపోయాను. ఒకసారి వెళ్లొస్తే గంటలోపే మళ్లీ పరుగు. ఈ ఇబ్బందిని కొలవడానికి ఎల్‌ఏఆర్‌ఎస్ అని ఐదే ప్రశ్నల స్కోరు ఉంది. 42లో 30 గానీ అంతకు మించి గానీ వస్తే సమస్య తీవ్రంగా ఉన్నట్టు. నాకు 34 వచ్చింది. అది నా బలహీనత కాదని, పురీషనాళం తీసేసిన చాలామందికి వచ్చేదేనని, దానికో పేరు కూడా ఉందని తెలియడమే సగం మందు. మిగతా సగం విరేచనాలు తగ్గించే లోపెరమైడ్ మాత్ర, కటి కండరాల వ్యాయామం.

ఏడాది ఫారంలో చివరి రెండు ప్రశ్నలకు మళ్లీ 5, 5 వేశాను. మొదటి రోజు లాగే స్కోరు 67. కానీ అప్పటి 5 వేరు, ఇప్పటి 5 వేరు. అప్పుడు ఒంట్లో నొప్పి లేకపోవడమే నాకు బాగుండటం. ఇప్పుడు తిమ్మిరి వేళ్లతోనే గుండీలన్నీ పెట్టుకుని బయటికి వెళ్లి రాగలిగితే బాగున్నట్టే. ఇలా కొలబద్దే జరిగిపోవడాన్ని పరిశోధకులు రెస్పాన్స్ షిఫ్ట్ అంటారని నర్సు చెప్పారు. ఆ మాట విని, ఫారం వెనక్కి తీసుకుని, 5 పక్కన రెండు లైన్లు రాసిచ్చాను.