స్టాప్ లాస్ మీద వేలు

స్టాప్ లాస్‌ని (ధర అంతకి పడితే దానంతటదే అమ్ముడైపోయేలా ముందే పెట్టుకునే రేటుని) ఇంకాస్త కిందికి జరపబోతూ ఆగిపోయాను. నేను కొన్న వెండి ఎర్రగా, అంటే నష్టంలో ఉంది, పొద్దున నేనే పెట్టుకున్న స్టాప్ దగ్గరికి ధర వచ్చేసింది, మనసులో మాత్రం ఒకటే మాట: "కొన్న రేటుకి వస్తే చాలు, అమ్మేస్తా."

ఆ కొన్న రేటు నాకు తప్ప ఎవరికీ పట్టదు. అయినా రెండు గంటలుగా నేను చూస్తున్నది ఆ ఒక్క అంకెనే.

లాభం ఇచ్చే సంతోషం కన్నా అంతే నష్టం పెట్టే బాధ ఎక్కువని మనస్తత్వ శాస్త్రవేత్తలు కానమన్, ట్వర్‌స్కీ 1979లోనే రాశారు. చదివినప్పుడు బాగా అర్థమైందనుకున్నాను. పోయిన వారం లాభంలో ఉన్న బంగారాన్ని కంగారుగా అమ్మేశాను, ఇప్పుడేమో నష్టాన్ని పట్టుకుని వదలట్లేదు.

బంగారం, వెండి ఎప్పటికైనా పైకి వస్తాయంటారు. కానీ 1980 జనవరిలో ఔన్స్ బంగారం 850 డాలర్ల దగ్గర కొన్నవాళ్లకి ఆ రేటు మళ్లీ కనిపించింది 2008లో. 28 ఏళ్లు! వెండి అదే నెలలో 50 డాలర్ల దాకా వెళ్లి, మళ్లీ 2011లో గానీ ఆ దరిదాపులకి రాలేదు. "ఎప్పటికైనా" అనే మాటలో ఎంత జీవితం పోతుందో తలుచుకుంటే భయమేసింది.

కాగితం తీసుకుని ఒక్క ప్రశ్న రాసుకున్నా: నా దగ్గర ఇది లేకపోతే, ఇప్పుడు ఈ రేటుకి కొంటానా?

కొనను.

స్టాప్‌ని కదపలేదు. పావుగంటకి తగిలింది, నష్టం బుక్ అయింది. బాధగానే ఉంది. కానీ ఫోన్ పక్కన పెట్టేసి, చాలా రోజుల తర్వాత టెన్షన్ లేకుండా కాసేపు పడుకున్నాను.