కారణం రాసినవారే దానికి అంకె వేయాలి

జీవిత బీమా ఏజెంట్లకు శిక్షణ ఇచ్చే ఉద్యోగంలో భాగంగా, వారు తమ గెలుపోటములకు ఏ కారణాలు చెప్పుకుంటున్నారో కొలిచే ఒక ప్రశ్నావళిని కిందటి ఏడాది తెలుగులోకి తెచ్చాను. నేను నమూనాగా తీసుకున్నది 1982లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు వెలువరించిన ప్రశ్నావళిని. అందులో 12 సందర్భాలుంటాయి, ఆరు మంచివి, ఆరు చెడ్డవి. ఒక్కొక్క సందర్భం తనకే ఎదురైనట్టు ఊహించుకుని, దానికి ముఖ్యమైన ఒక కారణాన్ని సొంత మాటల్లో రాసి, ఆ కారణం తనలో ఉందా బయట ఉందా, ఇకముందు కూడా ఉంటుందా, ఈ ఒక్క విషయానికే పరిమితమా లేక జీవితంలోని ఇతర విషయాలకూ పాకుతుందా అన్న మూడింటికీ 1 నుంచి 7 వరకు అంకె వేయాలి.

మనస్తత్వ శాస్త్రవేత్తలు సెలిగ్‌మన్, షుల్మన్ 1986లో ప్రచురించిన అధ్యయనం బీమా ఏజెంట్ల మీదే జరిగింది. ఈ ప్రశ్నావళిలో ఆశావహంగా తేలిన సగం మంది కొత్త ఏజెంట్లు, మిగతా సగంతో పోలిస్తే రెట్టింపు నిష్పత్తిలో ఏడాది పాటు ఉద్యోగంలో నిలిచారు. రోజూ పది గుమ్మాల్లో కాదనిపించుకునే వృత్తిలో ఇది చిన్న విషయం కాదు.

తెలుగులో నాకు ఎదురైన చిక్కు వేరు. మనం 'టార్గెట్ కాలేదు', 'పాలసీ పోయింది' అంటాం. చేసినవారెవరో ఆ వాక్యంలో కనబడరు. దాన్ని చదివిన అధికారి, తప్పు తన మీద వేసుకోవడం లేదని తేల్చేస్తాడు. నా దృష్టిలో ఇది అన్యాయం, ఎందుకంటే అది మన భాష నడకే తప్ప ఆ మనిషి తప్పించుకునే ప్రయత్నం కాదు.

జూలైలో వ్యాపారం పడిపోవడానికి కారణంగా ఒకావిడ 'ఆషాఢం' అని ఒక్క మాట రాశారు. పరిస్థితులదే పూర్తి బాధ్యత అనుకుంటే 1, పూర్తిగా తనదే అనుకుంటే 7 వేయాలి. నా తెలుగు ప్రశ్నావళిలో పై అధికారి కూడా అంకె వేయడానికి ఒక వరుస పెట్టాను. అందులో ఆమె అధికారి 1 వేశాడు, ఆమె మాత్రం 6 వేసుకున్నారు. ఎందుకని అడిగితే, "ఆషాఢం ఎప్పుడొస్తుందో పంచాంగంలో ముందే ఉంటుంది కదండీ, జ్యేష్ఠంలోనే ఇంకో పది ఇళ్లు తిరగాల్సింది నేనే" అన్నారు.

ఆ మరుసటి రోజే ప్రశ్నావళిలోంచి అధికారి వరుసను తీసేశాను.