సిడ్నీ గ్రీన్‌స్ట్రీట్ సినిమాలు: ఎంతవరకు వచ్చానంటే

ఒక నటుడి సినిమాలన్నీ చూసేయాలనుకునేవాళ్లకు గ్రీన్‌స్ట్రీట్ బాగా కుదురుతారు. 1879లో ఇంగ్లండ్‌లోని కెంట్‌లో పుట్టారు. తేయాకు తోటల కోసం సిలోన్ వెళ్లి, కరువు దెబ్బకు తిరిగొచ్చి నాటకాల్లో చేరారు. మొదటి సినిమా 'ద మాల్టీస్ ఫాల్కన్' 1941లో, 61 ఏళ్ల వయసులో! ఆఖరిది 1949లో. మొత్తం కలిపి రెండు డజన్లే. వారానికొకటి చూసినా ఆరు నెలల పని.

నోట్‌బుక్‌లో మూడు గడులు గీసుకున్నా: ఆయన ఎన్నో నిమిషంలో వస్తారు, కెమెరా ఎంత ఎత్తులో ఉంది, పక్కన ఆయనతో తరచూ జంటగా కనిపించే నటుడు పీటర్ లోరీ ఉన్నాడా. రెండో గడే అసలు సంగతి చెబుతోంది. 'ఫాల్కన్'లో కెమెరాను కిందికి దించి, ఆయన భారీ పొట్టతోనే ఫ్రేమ్ నింపేశారు. మత్తుమందు కలిపిన గ్లాసు హీరోకిచ్చి, అది ఎక్కేదాకా, కథలో అందరూ వెతికే పక్షి బొమ్మ చరిత్ర తాపీగా చెబుతూ కూర్చునే సీన్ ఉంది చూశారూ, దాన్ని రెండుసార్లు చూడండి. మొదటిసారి సబ్‌టైటిల్స్‌తో, ఎందుకంటే మాటల ప్రవాహం ఆగదు. రెండోసారి అవి తీసేసి, ఆయన కళ్లు మాత్రమే. తొలి సినిమాకే ఆస్కార్ నామినేషన్ ఊరికే రాలేదు.

ఆ తర్వాత విడుదల వరుస వదిలేసి లోరీతో చేసినవి ముందుకు జరిపా. ఇద్దరూ కలిసి తొమ్మిదింటిలో ఉన్నారు. 'కాసాబ్లాంకా' (1942) ఎంత గొప్పదైనా అందులో ఈయనకు దక్కింది కొంచెమే. గ్రీన్‌స్ట్రీట్ కోసమే అయితే 'ద మాస్క్ ఆఫ్ డిమిట్రియోస్' (1944), 'ద వెర్డిక్ట్' (1946) చూడాలి. రెండోదాంట్లో ఆయన స్కాట్లండ్ యార్డ్ అధికారి. నిర్దోషిని ఉరికంబం ఎక్కించి ఉద్యోగం పోగొట్టుకుంటాడు. ఇక్కడ ఆ భారీ శరీరం భయపెట్టదు, జాలి పుట్టిస్తుంది.

మధ్యలో మార్పు కోసం 'క్రిస్మస్ ఇన్ కనెక్టికట్' (1945) పెట్టుకున్నా. పత్రికాధిపతి వేషం, మంచి భోజనం మీద యావ. విలన్‌గా నవ్విన ఆ నవ్వే ఇక్కడ మనల్ని నవ్విస్తుంది.

తర్వాత 'ద వుమన్ ఇన్ వైట్' (1948). 1950-51లో ఆయన నవలల్లోని డిటెక్టివ్ నీరో వుల్ఫ్‌గా చేసిన రేడియో నాటకాలూ ఉన్నాయి. అవి పొద్దున నడకలో వినడానికి ఫోన్‌లో వేసుకున్నా. రెండో గడిలో ఏం రాయాలో మాత్రం ఇంకా తేలలేదు.